చేతికి తగ్గ చాకు.. సైజు తగ్గిస్తే చాలదు!

నిమ్మకాయ కోయాలన్నా, పార్సిల్ టేపు తెంచాలన్నా జేబులో ఓ మడత చాకు ఉంటే పని సులువు. అయితే బజార్లో దొరికే వాటిలో చాలావరకు పెద్ద అరచేతిని లెక్కలో పెట్టుకుని చేసినవే. చేతులు చిన్నగా ఉన్న మహిళలకు, వేళ్లలో పట్టు తగ్గిన పెద్దవాళ్లకు వాటితో ఇబ్బందే. ఇది అందం సంగతి కాదు, భద్రత సంగతి. పిడి చేతిలో నిలవకపోతే చాకు జారుతుంది, తెగేది వేలే.

మరి పెద్ద చాకునే కుదిస్తే సరిపోతుందా? సరిపోదు. అన్నీ కుదిస్తే పిడి కూడా సన్నబడుతుంది. సన్నటి పిడిని నిలపాలంటే వేళ్లు ఇంకా గట్టిగా బిగించాలి, కాసేపటికే నొప్పి పుడుతుంది. బ్లేడును తెరిచే గోటి గాడి కూడా చిన్నదై పట్టు దొరకదు. అందుకే బ్లేడు పొడవు తగ్గించినా పిడి నిండుగానే ఉండాలి. స్ప్రింగు మరీ బిగువుగా ఉండకూడదు. లాక్ బొటనవేలికి అందాలి.

ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన చాకులు ఇందుకు మంచి ఉదాహరణ. 1897లో 1 నుంచి 12 నంబర్ల దాకా సైజులు వచ్చాయి. చెప్పుల్లాగే ఎవరికి తగ్గ నంబరు వాళ్లు చూసుకోవచ్చు. 8వ నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు, 6వ నంబరుది సుమారు 7. చెక్క పిడి గుండ్రంగా ఉండి అరచేతిలో ఒదుగుతుంది. 1955లో చేర్చిన తిప్పే రింగు బ్లేడును కదలకుండా పట్టి ఉంచుతుంది. కానీ 5వ నంబరు, అంతకన్నా చిన్న వాటికి ఆ రింగు ఉండదు. అంటే మరీ చిన్నది కొంటే లాక్ పోయినట్టే. ఇంకో సంగతి, తడి తగిలితే చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది. వానాకాలంలో ఇది గుర్తుంచుకోవాలి.

తాళాల గుత్తికి వేసుకునే స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ క్లాసిక్ పొడవు 58 మిల్లీమీటర్లే. దానికీ లాక్ లేదు. దారం తెంచడానికి, కవరు చింపడానికి బాగుంటుంది. గట్టి పనికి వాడితే బ్లేడు వేళ్ల మీదికి మడుచుకునే ప్రమాదం ఉంది.

రోజూ వెంట ఉంచుకునే తీరు కూడా ముఖ్యమే. చాకులకు వచ్చే క్లిప్పు ప్యాంటు జేబు కోసం. చాలా కుర్తీలకు జేబులే ఉండవు. హ్యాండ్‌బ్యాగులో పెట్టేవాళ్లకు తాడు కట్టుకునే రంధ్రం, చిన్న పౌచ్ ఉపయోగం. బ్యాగులో దానంతట అది తెరుచుకోకుండా ఉండాలి. విమానంలో మాత్రం క్యాబిన్ బ్యాగులో చాకు తీసుకెళ్లనివ్వరు, చెక్-ఇన్ లగేజీలోనే పెట్టాలి.

కొనేముందు దుకాణంలోనే మూడుసార్లు తెరిచి మూసి చూడాలి. గోరు విరగకుండా తెరుచుకుందా? పిడి మీద వేళ్లు సరిగ్గా ఆనాయా? మూసేటప్పుడు వేళ్లు బ్లేడు దారిలోకి వస్తున్నాయా? మొదటి రెండింటికి అవును, మూడోదానికి కాదు అని జవాబు వస్తేనే అది ఆ చేతికి తగ్గ చాకు.