జీతము విడిచి ఫొటోలు తీయుట

మాకు పరిచితుడును, కోనసీమలో కొద్దిపాటి కొబ్బరితోట గలవాడును అగు ఒక రైతు కొంతకాలము క్రిందట మాయొద్దకు వచ్చి, "మాస్టారూ, మీరైనా మావాడికి కాస్త చెప్పండి. ఊరూరా తిరిగి ఫొటోలు తీయడానికా వాణ్ణి ఇంజనీరింగు చదివించాను?" అని వాపోయెను. కుమారుడు హైదరాబాదులో ఒక కంపెనీయందు మంచి జీతముపై నున్నాడు. ఆ కొలువు మానుకొని, ఇంటింటికి బోయి కుటుంబముల ఛాయాచిత్రములు తీసి బ్రతుకుదునని పట్టుబట్టుచున్నాడట. చదువునకై చేసిన యప్పు ఇంకను తీఱలేదు. కావున ఆ తండ్రి దుఃఖము నిష్కారణమైనది కాదు. ఆయనకు మేము చెప్పిన వృత్తాంతమునే మా విద్యార్థులకును చెప్పుచున్నాము. ఇట్టి చర్చ రేపు వారి యిండ్లలోను పుట్టవచ్చును.

లాలా దీన్ దయాళ్ అను నాయన 1844లో మీరట్ సమీపమందలి సర్ధానాలో జన్మించెను. రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరు పట్టణమున పబ్లిక్ వర్క్సు శాఖలో చేరెను. కట్టడముల నమూనాలు గీయుట, వ్యయపు అంచనాలు వేయుట ఆయన పని. 1874లో ఫొటోలు తీయ నారంభించెను. కెమెరా చేతికి వచ్చిన మఱునాడే యాయన కొలువు విడువలేదు సుడీ! ఇంచుమించు పదునొకండేండ్లు సర్కారు జీతము తినుచునే ఈ విద్యను సాధించి, కోటలను, ఆలయములను, సంస్థానాధీశులను చిత్రించి పేరు గడించి, మొదట సెలవు పుచ్చుకొని, పిదప ఉద్యోగమును విరమించెను.

ఆ కాలమున ఈ పని యెంత కష్టమైనదో నేటి పిల్లలు ఊహింపజాలరు. గాజుపలకపై కొలోడియను పూసి, వెండి లవణపు ద్రావణమున ముంచి, ఆ తడి యాఱకముందే చిత్రము తీసి, వెంటనే చీకటిలో కడుగవలెను. మన వేసవిలో ఆ తడి యెంతసేపు నిలుచును? చీకటిగుడారమును వెంట మోసికొని తిరుగవలసినదే. 1871లో ఇంగ్లండు వైద్యుడు రిచర్డ్ మాడక్స్ జెలటిను పొడిపలకల పద్ధతిని ప్రకటించెను. అవి అంగళ్లకు వచ్చిన పిమ్మట ఈ వృత్తి సులభమయ్యెను. కొడాక్ కంపెనీని స్థాపించిన జార్జి ఈస్ట్‌మన్ కూడ అమెరికాలో పగలు బ్యాంకు గుమాస్తాగా నుండి, రాత్రులు తల్లి వంటగదిలో ఈ పలకలతో ప్రయోగములు చేసి, వ్యాపారము నిలిచిన పిమ్మటనే, 1881లో, బ్యాంకు పని మానెను.

దీన్ దయాళ్ 1886లో సికిందరాబాదులో స్టూడియో తెఱచెను. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, 1894లో "రాజా" బిరుదము నొసగెను. మాకు వీనికంటె ముఖ్యముగా దోచునది 1892లో హైదరాబాదున ఆయన నెలకొల్పిన జెనానా స్టూడియో. ఘోషా స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండరు గదా! అందుచే అందు సిబ్బంది యంతయు స్త్రీలే. కెన్నీ-లెవిక్ అను దొరసాని దానికి అధికారిణి. కుటుంబచిత్రములు తీయువాడు కెమెరాకంటె ముందు ఆ యింటి బిడియమును గ్రహింపవలెనని ఆయన యెఱుగును.

ఇక మన డెల్టా మాట. ఇచ్చట ఈ వృత్తి ముహూర్తములపై నడచును. ఆషాఢమున, పుష్యమున పెండ్లిండ్లు లేవు. ఆ నెలలలో పొయ్యి యెట్లు వెలుగునో ముందే లెక్క చూచుకొనవలెను. తేమచే లెన్సులకు బూజు పట్టును. తోటలో నిలువబెట్టినచో కొబ్బరాకుల సందులనుండి పడు యెండ ముఖములపై మచ్చలు వేయును. అందఱి చేతులలో ఫోనులుండగా వీనితో పనియేమని ఆ రైతు మమ్మడిగెను. ఫోనుతో తీయు తల్లి ఆ చిత్రములో నుండదు. తీసినది కాగితముపై కెక్కదు.

కాగితముపై కెక్కినదియు నిలుచునను నమ్మకము లేదు. 1986 ఆగస్టు వఱదలో మా యింట మూడుదినములు నీరు నిలిచెను. గోడనున్న మా నాయనమ్మ పటము తడిసి, ఆఱునప్పుడు చిత్రముపై నున్న జెలటిను పొర అద్దమునకు అంటుకొనెను. మేము తెలియక లాగితిమి. ముఖములో సగము అద్దముతో పోయెను. ఆమె చిత్రము మఱియొకటి లేదు. అట్లు అంటుకొన్నదానిని లాగక, అద్దముతోనే యుంచి నకలు తీయింపవలెనని తరువాత తెలిసికొంటిమి. దీన్ దయాళ్ గాజు నెగటివులు రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. మన యిండ్ల ముసలివారి ముఖముల కట్టి భాండాగార మెక్కడిది?

ఆ యువకునికి మేము చెప్పినది ఇంతే: అప్పు తీఱువఱకు జీతము విడువవద్దు, సెలవుదినములలో కెమెరా విడువవద్దు. అతడు అంగీకరించెను, తండ్రి సగమే అంగీకరించెను. గత సంక్రాంతికి మా బంధువులందఱు కూడినప్పుడు అతనినే పిలిపించితిమి. ముసలివారిని తోటలోనికి దీయక, ఉదయమున చూరునీడలో అరుగుపై కూర్చుండబెట్టి, పిల్లల అల్లరి తగ్గువఱకు ఓపికతో వేచి తీసెను. పటము కట్టునప్పుడు చిత్రమునకును అద్దమునకును నడుమ అట్టచట్రము వేసి, ఒకదానికొకటి తగులకుండ బిగించెను. మేము చెప్పకయే చేసెను. కూలి యెంతయని యడుగగా, తండ్రియే ముందుకు వచ్చి లెక్క చెప్పెను.