పార్క్‌లో మొరాయించిన పికప్

టెక్సాస్ ఎండ సంగతి తెలిసిందేగా. పోయిన వేసవిలో ఓ మధ్యాహ్నం కిరాణా సామాను వెనక వేసి, పాపని కూర్చోబెట్టి తాళం తిప్పితే మా పాత పికప్ కిక్కురుమనలేదు. మా ఆయన ఊళ్ళో లేరు. హెడ్‌లైట్లు వేసి చూశాను, బాగానే వెలిగాయి. అంటే బ్యాటరీ కాకపోవచ్చు. బ్రేకు గట్టిగా తొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి తిప్పాను. టక్కున స్టార్టయింది!

ఇదొక్కటి పట్టుకుంటే సగం రోగం తెలిసినట్టే. గేర్‌బాక్స్ పక్కన చిన్న స్విచ్ ఉంటుంది. గేరు ఎక్కడుందో బండికి చెప్పేది అదే. పార్క్, న్యూట్రల్ అయితేనే స్టార్టర్‌కి కరెంటు వెళ్ళనిస్తుంది. చాలా బళ్ళలో రివర్స్ లైట్లు వెలిగించేదీ అదే.

గ్యారేజీలో అడిగితే గేర్‌బాక్స్ మొత్తం విప్పాలేమో అన్నారు. తెలిసిన పెద్దాయన మాత్రం, "రెండు వైర్లు కలిపేస్తే పోలా చెల్లెమ్మా, ఐదు నిమిషాల పని" అన్నారు. నాకు భయం వేసింది అక్కడే. కలిపేస్తే డ్రైవ్‌లో ఉన్నా బండి స్టార్టవుతుంది, ముందుకు దూకుతుంది. మా డ్రైవ్‌వేలో పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు.

శనివారం ఇద్దరం పరీక్షకి దిగాం. చదునైన నేల, చల్లారిన ఇంజను, హ్యాండ్ బ్రేకు, నాలుగు చక్రాలకీ అడ్డాలు. మా ఆయన కిందకి దూరి కనెక్టర్ ఊడదీసి, సర్వీస్ మాన్యువల్‌లో వైరింగ్ బొమ్మ చూసుకుంటూ స్టార్టర్ పిన్నులకి మల్టీమీటర్ పెట్టారు. నేను ఇంజను స్టార్ట్ చెయ్యకుండా, బ్రేకు తొక్కిపట్టి ఒక్కో గేరే మార్చాను. న్యూట్రల్‌లో బీప్. పార్క్‌లో లేదు. (కొత్త బళ్ళలో ఈ స్విచ్ గేర్‌బాక్స్ లోపలే ఉండొచ్చు. అప్పుడు స్కానర్ కావాలి, ఈ పద్ధతి పనికిరాదు.)

వెంటనే కొత్తది కొనేయకండి. మాది కాస్త పక్కకి జరిగిందంతే. బోల్టులు వదులు చేసి, న్యూట్రల్‌లో గుర్తుకి గుర్తు కలిపి బిగించారు. ఈసారి పార్క్‌లోనూ బీప్ వచ్చింది. రివర్స్‌లో, డ్రైవ్‌లో రాలేదు.

చివరి పరీక్ష ఖాళీ స్థలంలో నేనే చేశాను. ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, బ్రేకులు రెండూ వేసి, రివర్స్‌లో ఒకసారి, డ్రైవ్‌లో ఒకసారి తాళం తిప్పాను. చప్పుడు లేదు. బండి స్టార్ట్ కానందుకు అంత సంతోషించడం అదే మొదటిసారి.