సెక్షన్ లైన్ ఎక్కడ గీయాలి?

కిందటి ఎపిసోడ్‌లో ఇంటి ప్లాన్ ఎలా గీయాలో చూశాం. ఈరోజు ఆ ప్లాన్ మీద వేసే సెక్షన్ లైన్ గురించి చెప్పుకుందాం.

సెక్షన్ అంటే ఏంటి? జామకాయ కోస్తే లోపలి గింజలు కనిపిస్తాయి కదా. అలాగే ఇంటిని నిలువునా కోసి, ఒక ముక్క పక్కన పెట్టి, మిగిలిన ముక్కను చూస్తే కనిపించే బొమ్మే సెక్షన్. ఆ కోత ఎక్కడ పడిందో ప్లాన్ మీద చూపించేది సెక్షన్ లైన్. మెకానికల్ వాళ్లు దీన్ని కటింగ్ ప్లేన్ లైన్ అంటారు. వాళ్లకి సెక్షన్ లైన్లు అంటే, కోసిన భాగం మీద మామూలుగా 45 డిగ్రీల వాలులో గీసే సన్నటి గీతలు, అంటే హ్యాచింగ్. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

గీసే పద్ధతి సులువే. పొడుగు గీత, చుక్క, మళ్లీ పొడుగు గీత, ఇలా సన్నగా వెళ్లాలి. రెండు చివర్లా, మలుపు తిరిగే చోటా మాత్రం లావుగా ఉండాలి. చివర్లలో బాణాలు మనం చూసే వైపు తిరిగి ఉండాలి. రెండు బాణాల దగ్గరా ఒకే అక్షరం వేసి, బొమ్మ కింద 'సెక్షన్ ఏ–ఏ' అని రాయాలి. బాణాలు అటుది ఇటు పెడితే చదివేవాడికి బొమ్మ తలకిందులే!

అసలు సంగతి గీత ఎక్కడ వేస్తామన్నది. నేను కొత్తగా డ్రాఫ్టింగ్ చేసే రోజుల్లో ఒక ఇంటికి సెక్షన్ లైన్‌ను హాల్లోంచి, పడగ్గదిలోంచి తిన్నగా లాగేశాను. బొమ్మ శుభ్రంగా వచ్చింది. మెట్ల మధ్య ల్యాండింగ్ కింద పెరటి తలుపు పెట్టాం. ప్లాన్‌లో చక్కగానే ఉంది. తీరా సైట్‌లో పెద్ద మేస్త్రి అడిగాడు: "బాబూ, ఇక్కడ వంగి పోవాలా, పాకి పోవాలా?"

లెక్క చూడండి. అంతస్తు ఎత్తు 3 మీటర్లు, 18 మెట్లు. సగంలో, అంటే 9 మెట్లకి, ల్యాండింగ్ 1.5 మీటర్ల ఎత్తులో వచ్చింది. శ్లాబ్ మందం 150 మి.మీ. తీసేస్తే కింద మిగిలింది 1.35 మీటర్లే. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం అక్కడ నడవడానికి కనీసం 2.2 మీటర్లు ఉండాలి. గోడ ఇంకా లేవలేదు కాబట్టి తలుపు పక్కకి జరిపి బతికిపోయాం. గీత మెట్ల మీదుగా వెళ్లుంటే ఈ తప్పు కాగితం మీదే దొరికేది.

అందుకే సెక్షన్ లైన్ సులువుగా ఉండే చోట కాదు, చిక్కున్న చోట వేయండి. మెట్లు, బాత్‌రూమ్ సంకెన్ శ్లాబ్, కిటికీ, సన్‌షేడ్ తెగేలా చూసుకోండి. ఒకే తిన్నని గీతలో అన్నీ రాకపోతే మలుపు తిప్పండి, తప్పు లేదు. అప్పటికీ చాలకపోతే ఇంకో సెక్షన్ గీయండి.

వచ్చే ఎపిసోడ్‌లో హ్యాచింగ్ చూద్దాం. ఈలోగా మీ ప్లాన్ తీసి, మీ గీత మెట్లను కోస్తోందో లేదో ఒకసారి చూసుకోండి. ఉంటానండీ.