సెలైన్ సీసా కన్నా ముందు

బిడ్డకు విరేచనాలు మొదలైతే చాలు, మన ఇళ్ళలో వినిపించే మొదటి మాట "తీసుకెళ్ళి సెలైన్ ఎక్కించండి" అనేదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి సూది, సీసా లేకుండా ఒక పొడి ప్యాకెట్టుతో, కొన్ని జింక్ మాత్రలతో తిరిగివచ్చిన తల్లి తన బిడ్డకు వైద్యమే జరగలేదని బాధపడుతుంది. వాస్తవానికి ఆమె చేతిలో ఉన్నదే అసలైన వైద్యం.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి తరలివచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరం కిక్కిరిసిపోయింది. కలరా ప్రబలింది. సెలైన్ నిల్వలు నిండుకున్నాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే తాగించారు. దాదాపు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపునకు తగ్గాయి. సీసాలు లేని చోట గ్లాసులే ప్రాణాలు నిలిపాయి.

విరేచనాలవుతున్నప్పుడు కూడా పేగు గ్లూకోజును పీల్చుకోగలదు. దానితోపాటు ఉప్పు, ఉప్పు వెంట నీరు లోపలికి చేరుతాయి. కనుక పాళ్ళే ప్రధానం. చక్కెర మితిమీరితే నీరు తిరిగి పేగులోకే చేరి విరేచనాలు మరింత పెరుగుతాయి. అయినా తీపి పండ్ల పానీయాలు 'ఓఆర్ఎస్' పేరు తగిలించుకొని మందుల దుకాణాల్లోనే ఏళ్ళ తరబడి అమ్ముడుపోయాయి! హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీనిపై సుదీర్ఘంగా పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పానీయాల పేర్లలో ఆ పదం వాడరాదని ఆదేశించింది. మనం అడిగి తీసుకోవలసినది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని రాసి ఉన్న ప్యాకెట్టును మాత్రమే.

లీటరు నీటికి కలిపే పెద్ద ప్యాకెట్టయితే పొడి మొత్తాన్నీ లీటరు శుభ్రమైన నీటిలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు చెంచా చొప్పున వేస్తే పాళ్ళు తప్పుతాయి. కలిపిన నీరు 24 గంటలకు మించి నిల్వ ఉంచరాదు. బిడ్డ వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టించాలి. తల్లిపాలు ఆపకూడదు. "పొట్టకు విశ్రాంతి" అంటూ పసివారిని పస్తు ఉంచే పెద్దలకు మనం గౌరవంగానే అడ్డుచెప్పాలి. విరేచనాలు తగ్గినా జింక్ మాత్రలు 14 రోజులూ వాడాలి. చాలావరకు విరేచనాలకు యాంటీబయాటిక్స్ అవసరమే ఉండదు.

ఇక నివారణ. రోజుకు ఐదు పూటలు వుజూ చేసే చేతులే మనవి. అయినా పసివాడి గుడ్డలు మార్చి, సబ్బు ముట్టకుండా పొయ్యి దగ్గరికి వెళ్ళే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. 6, 10, 14 వారాల వయసులో వేసే రోటావైరస్ టీకా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. హైదరాబాద్‌లో తయారైన ఆ చుక్కల మందును 2016లో తొలిసారి ప్రభుత్వ టీకాల్లో చేర్చిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

సెలైన్ అనవసరమని మేము అనడం లేదు. కళ్ళు లోతుకు పోయినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, తాగినదంతా కక్కేస్తున్నా, మూత్రం ఆగినా, విరేచనంలో రక్తం కనిపించినా క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి బయలుదేరాలి. బిడ్డ తాగగలిగితే దారి పొడవునా ఓఆర్ఎస్ పట్టిస్తూనే వెళ్ళాలి.