చెవికి మెషిన్ ఉన్నా అలసటెందుకు? ఆ కష్టాన్ని మెదడులోనే కొలుస్తున్నారు!

పెళ్లి భోజనాల దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడుతుంటారు. వినికిడి యంత్రం పెట్టుకున్న పెద్దాయన కాసేపు నవ్వుతూ తలూపుతారు.. తర్వాత మెల్లగా లేచి పక్క గదిలోకి వెళ్లిపోతారు. "మెషిన్ ఉందిగా, ఇంకేంటి?" అనుకుంటారు ఇంట్లోవాళ్లు. నిజానికి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. ఆ సందడిలో వాటిని పట్టుకోవడానికి మెదడు పడే కష్టమే ఆయన్ని అలసిపోయేలా చేస్తుంది.

టెస్టులో ఎందుకు దొరకదు?

మామూలు వినికిడి పరీక్ష నిశ్శబ్దంగా ఉన్న గదిలో చేస్తారు. చిన్న బీప్ వినిపిస్తోందా, పదాలు సరిగ్గా తిరిగి చెబుతున్నారా అని చూస్తారు. ఇద్దరికి ఒకే మార్కులు రావొచ్చు. కానీ ఒకరు తేలిగ్గా విని ఉంటారు. ఇంకొకరు అందని అక్షరాలను ఊహించుకుంటూ నెట్టుకొచ్చి ఉంటారు. ఈ శ్రమనే నిపుణులు 'లిజనింగ్ ఎఫర్ట్' అంటారు.

ఎలా కొలుస్తారు?

తలపై చిన్న సెన్సార్లు పెట్టి ఈఈజీ తీస్తారు. నొప్పేమీ ఉండదు. రణగొణ ధ్వనుల మధ్య మాటలు వినిపిస్తూ, మెదడులోని ఆల్ఫా తరంగాలను గమనిస్తారు. ఇవి సెకనుకు సుమారు 8 నుంచి 12 సార్లు వచ్చే అలలు. 2015లో వెలువడిన ఓ యూరప్ అధ్యయనంలో.. పని కష్టమయ్యేకొద్దీ ఈ తరంగాలు బలపడ్డాయి. అయితే వినికిడి లోపం ఎక్కువున్న వారిలో, అన్నిటికంటే కష్టమైన దశకు వచ్చేసరికి అవి తగ్గిపోయాయి!

ఇక్కడే ఉంది చిక్కు

తరంగం తగ్గితే సులువుగా వింటున్నట్టా? లేక మెదడు ఇక చాలని చేతులెత్తేసినట్టా? ఈఈజీ ఒక్కటే చూసి చెప్పలేం. అందుకే కంటిపాప సైజును కూడా కొలుస్తుంటారు. శ్రమ పెరిగితే కంటిపాప పెద్దదవుతుంది. ఈ కొలతలతో మెషిన్‌లోని 'నాయిస్ రిడక్షన్' నిజంగా మెదడు భారం తగ్గిస్తోందా అన్నది పరీక్షిస్తున్నారు.

ఇప్పుడు మనం చేయాల్సిందేంటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 43 కోట్ల మందికి పైగా వినికిడి లోపానికి చికిత్స, సాయం అవసరం. ఈ మెదడు కొలతలు మాత్రం ఇంకా ఎక్కువగా ల్యాబుల్లోనే ఉన్నాయి. కాబట్టి ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్తే "వినిపిస్తోంది" అని ఊరుకోవద్దు. ఎక్కడ, ఎంతసేపటికి అలసట వస్తోందో చెప్పాలి. సెట్టింగులు మార్చడానికి అది పనికొస్తుంది.

ఇక ఇంట్లోవాళ్లు.. టీవీ సౌండ్ తగ్గించి, ఎదురుగా కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే చాలు. ఆ పెద్దాయనకు పక్క గదిలోకి వెళ్లాల్సిన అవసరం చాలావరకు తగ్గుతుంది.