అటకమీది కెమెరా

సెల్‌ఫోను ఉండగా పాత ఫిల్ము కెమెరా ఎందుకని మిత్రులు అడుగుతుంటారు. ఫిజిక్సు లాబులో చదివింది చేత్తో పట్టుకోవడానికి! ఒక కటకం, ఒక స్ప్రింగు, ఒక చీకటిపెట్టె, అంతే. మన దేశంలోనే తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీకి బ్యాటరీ కూడా అక్కరలేదు. 120 నంబరు ఫిల్ముచుట్టకు వచ్చేవి 12 చదరపు బొమ్మలు. అందుకే మీట నొక్కేముందు వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసుకుంటాం. ఆ చూపే ఇందులోని ఆనందం.

బందరు పక్కనున్న మా గూడూరులో కెమెరాకు అసలు శత్రువు తేమ. ధాన్యం ఆరకుండా బస్తాలకెత్తితే ఏమవుతుందో రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. కెమెరా కూడా అంతే. తోలుసంచిలో మూసిపెడితే కటకంమీద సాలెగూడులా బూజు పాకుతుంది. అది శిలీంధ్రం. అలాగే వదిలేస్తే దాని ఆమ్లాలు గాజును తినేస్తాయి. ఆపైన ఎంత తుడిచినా మచ్చ పోదు.

కనుక ముందే చూడాలి. ఫిల్ము లేనప్పుడు వెనకతలుపు తీసి, వెలుతురుకేసి పట్టి మీట నొక్కండి. షట్టరు టక్కున తెరుచుకుని మూసుకోవాలి. బద్ధకిస్తే పాతనూనె జిగురైందేమో చూడాలి. దాన్ని శుభ్రం చెయ్యాలేగాని కొత్త నూనె పొయ్యరాదు, అది రేకులకు పాకి అతుక్కుంటుంది. గాజుకటకం మీది బూజును ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన మెత్తటిగుడ్డతో నెమ్మదిగా తుడవాలి. తర్వాత సిలికాజెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచాలి.

మీ అటకమీదా ఒకటి ఉండవచ్చు. ఈ వానాకాలం రాకముందే దించి చూడండి.