శస్త్రవైద్యుని కత్తి



మన బంగారుపాళ్యము ప్రాంతమున కత్తి యెఱుగని యిల్లు లేదు. చెఱకు నఱకుటకు మచ్చుకత్తియు, మామిడికాయ కోయుటకు చాకును అందఱకు తెలిసినవే. ప్రాణము నిలుపుటకై శరీరమును కోయు కత్తి వేఱొకటి కలదు. దానిని గూర్చి వ్రాయుటకు మాకొక కారణము కలదు. మా విద్యార్థి యొకడు అరికాలి సెగగడ్డను క్షౌరపు బ్లేడుతో తానే కోసికొని, మూడవనాటికి మోకాలివఱకు వాపుతో, తీవ్రజ్వరముతో వైద్యశాల చేరెను. అచ్చట వైద్యుడును ఆ గడ్డనే కోసెను, బాలుడు స్వస్థుడయ్యెను. ఈ రెండు కోతలకు భేదమేమి?

మొదటి భేదము పదునును, నేర్పును. సుశ్రుతుడు 20 విధములగు శస్త్రములను వర్ణించి, సానబట్టిన శస్త్రము వెండ్రుకను తెగగోయవలెననియు, శిష్యులు ముందుగా గుమ్మడి, సొర, దోస కాయలపై కోత నేర్వవలెననియు విధించెను. మొద్దుకత్తిని బలముగా నొక్కవలసివచ్చును. అది జాఱి నరమునో రక్తనాళమునో తెంపవచ్చును. పదునుకత్తి చేసిన గాయపు అంచులు నలుగక చక్కగా అతుకుకొనును. 1915 సంవత్సరమున అమెరికాలో మోర్గన్ పార్కరు పిడి వేఱుగను బ్లేడు వేఱుగను ఉండు కత్తికి పేటెంటు పొందెను. అట్టి కత్తికి ప్రతి రోగికి క్రొత్త బ్లేడు తొడుగవచ్చును. 10వ సంఖ్య బ్లేడు వంపుగా నుండి చర్మముపై పొడవు కోతకును, మొనదేలిన 11వది చీముగడ్డ చీల్చుటకును, చిన్నదగు 15వది సున్నితమైన చోట్లకును తగినవి.

రెండవ భేదము శుద్ధి. కంటికి మెఱయు బ్లేడెల్ల శుద్ధమైనది కాదు. ధనుర్వాతపు బీజములు మరుగునీటిలో సైతము చావకపోవచ్చును. అందుచేతనే వైద్యశాలలలో పనిముట్లను ఒత్తిడిగల ఆవిరిలో 121 డిగ్రీల వేడికి గుఱిచేయుదురు. పూర్వము ఇండ్లలో శుద్ధిలేని కత్తితో బొడ్డు కోయుటచే ఎందఱో శిశువులు ధనుర్వాతమున మరణించిరి. తల్లులకు టీకాలు, శుభ్రమైన కాన్పులు వ్యాపించుటచే 2015లో ప్రతి జిల్లాయందును ఈ వ్యాధి వేయి జననములకు ఒకటికంటె తక్కువయైనదని నిర్ధారింపబడెను.

కోత ముగిసినను అపాయము ముగియదు. రక్తము తగిలిన బ్లేడు గ్రుచ్చుకొన్నచో హెపటైటిస్ బి, సి, ఎయిడ్సు వ్యాధుల క్రిములు సంక్రమింపవచ్చును. కావున కత్తిని చేతినుండి చేతికి అందింపక పళ్లెములో నుంచి అందింతురు. బ్లేడును వ్రేళ్లతోగాక పటకారుతో ఊడదీసి, మొన దూరని డబ్బాలో వేయుదురు.

కాబట్టి విద్యార్థులారా, గడ్డను గాని లోతుగా దిగిన ముల్లును గాని మీరే కోసికొనరాదు. గాయమైనచో సబ్బుతో కడిగి, ధనుర్వాతపు సూదిమందు విషయమై వైద్యుని అడుగవలెను. వాడిన బ్లేడును పెంటకుప్పలో పాఱవేయక మూతగల రేకుడబ్బాలో వేయుడు. లేనిచో చెత్త యెత్తువాని చేయి తెగును. తల్లిదండ్రులు ఖర్చునకు వెఱచి ఆలస్యము చేయకుందురుగాక. మనకు సమీపమున వేలూరునందు ఐడా స్కడ్డరు దొరసాని 1900లో ఒక్క మంచముతో ప్రారంభించిన వైద్యసేవ నేడు గొప్ప వైద్యకళాశాలగా నున్నది. మన చిత్తూరునందును వైద్యులు కలరు. కోయు పని వారిది. వేళకు వారియొద్దకు చేర్చుట మనది.